తూటాలు కిందికి దిగుతున్నాయా? పిస్టల్ మార్చే ముందు ఇవి చూడండి

సంపాదకులకు నమస్కారం.

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల నుంచి హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలతో తిరిగొచ్చింది. మరుసటి ఏడాది పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది. అప్పటి నుంచి మీ క్రీడా పేజీలో పిస్టల్ షూటింగ్‌కు చోటు పెరిగింది, పిల్లల్ని వెంటబెట్టుకుని రేంజికి వచ్చే తల్లిదండ్రులూ పెరిగారు. పతకాల వార్తలు బాగానే వస్తున్నాయి. రేంజిలో రోజూ వినపడే ఒక మాట మాత్రం పేపర్లో ఎక్కడా కనపడదు: “సార్, అన్నీ కిందే పడుతున్నాయి.” దీనికి రెండు జవాబులు అలవాటైపోయాయి. ఒకటి, సైట్ (గురి చూసే అమరిక) స్క్రూ తిప్పు. రెండోది, పిస్టల్ మార్చు. పోటీ స్థాయి ఎయిర్ పిస్టల్ (గాలి పీడనంతో పెల్లెట్ అనే చిన్న గుండును కాల్చేది) ఇవాళ లక్షన్నర పైమాటే. కాబట్టి ఆ రెండో జవాబు దాకా పోకముందే చూసుకోవాల్సిన సంగతులు రాస్తున్నాం.

పిస్టల్ చెడిపోదని మేం అనడం లేదు. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను పిస్టలే మొరాయించింది. ఆడలేక మద్దెల ఓడంటున్నావని పిల్లల్ని కసరడం ఎంత తప్పో, స్కోరు తగ్గినప్పుడల్లా మద్దెలనే అనడం అంతే తప్పు. ఏది ఓడో తేల్చడానికి లెక్క ఉంది. ఆ లెక్క ఎవరూ వెయ్యడం లేదన్నదే మా బాధ.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే మధ్య వలయం, అంటే పదో గీత వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి గీతకూ గీతకూ మధ్య దూరం 8 మి.మీ. నల్లటి గుండ్రం మొత్తం 59.5 మి.మీ. పిస్టల్ ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరాన్ని సైట్ రేడియస్ అంటారు. అది 330 మి.మీ. అనుకుందాం. వెనక సైట్ నాచ్‌లో (గాడిలో) ముందు సైట్ 1 మి.మీ. కిందికి దిగితే, టార్గెట్ దగ్గర దెబ్బ 30 మి.మీ. కిందికి పోతుంది. అంటే ఒక గీత పోవడానికి పావు మిల్లీమీటరు చాలు, దాదాపు విజిటింగ్ కార్డు మందం. అదే, రెండు సైట్లూ సమానంగా ఉండి, చెయ్యి మొత్తం 3 మి.మీ. కిందికి ఊగితే టార్గెట్ మీద పడే తేడా కూడా ఆ 3 మి.మీ.లే. చెయ్యి ఊగుతోందని కంగారుపడే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే. ఊపు వల్ల పోయేది తక్కువ. సైట్లు వంకరపోతే పోయేది ఎక్కువ. 25 మీటర్ల పాయింట్ 22 పిస్టల్‌లో సైట్ రేడియస్ 220 మి.మీ. ఉంటే, అదే 1 మి.మీ. తప్పుకు దెబ్బ 114 మి.మీ. తప్పుతుంది. ప్రెసిషన్ టార్గెట్‌లో గీతకు 25 మి.మీ. లెక్కన నాలుగు గీతలకు పైనే.

ఇక వెతకడం మొదలుపెడదాం. మూడు దెబ్బలు చూసి ఏదీ తేల్చకండి. ఒకే టార్గెట్ కార్డు మీద పది కొట్టి, ఆ గుంపు ఆకారం చూడండి. పదీ దగ్గర దగ్గరగా పడి, గుంపు మొత్తం కింద ఉంటే అది సైట్ల సర్దుబాటుకో గురి పెట్టే చోటుకో సంబంధించిన సంగతి. గుంపు నిలువుగా సాగి, పై అంచు పదిలోనూ కింది అంచు ఆరులోనూ ఉంటే చేతినో కంటినో గాలి పీడనాన్నో అనుమానించాలి. పదిలో ఎనిమిది దెబ్బలు మధ్యలో పడి, రెండు మాత్రం పాతాళానికి పోతే అది పూర్తిగా షూటర్ పని. ఈ మూడింటికీ ఒకే మందు వేస్తే, అంటే స్క్రూ తిప్పితే, మొదటిది మాత్రమే నయమవుతుంది. మూడోదానికి తిప్పితే బాగున్న ఎనిమిదీ పైకి పోతాయి.

గుంపు బిగువుగా ఉండి కింద పడుతోందంటే మొదట అడగాల్సింది: గురి ఎక్కడ పెడుతున్నావు? పిస్టల్ షూటర్లలో ఎక్కువమంది నల్లటి గుండ్రం మీద గురి పెట్టరు. దాని కింద కాస్త తెల్ల చోటు వదిలి అక్కడ పెడతారు, నల్లటి ముందు సైట్ నల్లటి గుండ్రంలో కలిసిపోకుండా. దెబ్బ మాత్రం పైన, మధ్యలో పడేలా వెనక సైట్ అమర్చుకుంటారు. క్లబ్ పిస్టల్‌ను అంతకుముందు వాడినవారు నడిమధ్యన గురి పెట్టే అలవాటున్నవారైతే సైట్ దానికే కుదిరి ఉంటుంది. ఆ పిస్టల్‌తో కొత్తవాళ్ళు తెల్లలో గురి పెడితే, నల్ల అంచు దాకా 30, తెల్ల చోటు మరో 10, మొత్తం 40 మి.మీ. కిందికి పడతాయి. కార్డు మీద 5, 6 గీతల దగ్గర చక్కటి గుంపు. పిస్టల్‌లో తప్పు లేదు, పిల్లల్లోనూ లేదు. సైట్ తిప్పాల్సిన అసలు సందర్భం ఇదే.

తిప్పే పద్ధతి చాలామంది నోట తారుమారవుతుంది. దెబ్బ ఎటు పోవాలో వెనక సైట్ అటే పోవాలి. ముందు సైట్ దానికి ఎదురు దిక్కుకు. కింద పడుతుంటే వెనక సైట్ పైకి. స్క్రూ మీద ఉండే అక్షరాల దగ్గర జాగ్రత్త: కొన్ని కంపెనీల గుర్తు దెబ్బ ఎటు జరగాలో చెబుతుంది, కొన్నింటిది దెబ్బ ఇప్పుడు ఎక్కడ పడుతోందో చెబుతుంది. పిస్టల్‌తో వచ్చే పుస్తకం చూడకుండా బాణం గుర్తును నమ్మి తిప్పితే కిందున్నది ఇంకా కిందికి పోతుంది. స్క్రూ తిరిగేటప్పుడు టిక్కుమనే ఒక్కో మెట్టే క్లిక్కు. ఒక క్లిక్కుకు దెబ్బ ఎంత జరుగుతుందో పిస్టల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీరే కొలుచుకోవడం మంచిది. ఐదు కొట్టి గుంపు మధ్య బిందువు గుర్తుపెట్టండి. పది క్లిక్కులు తిప్పి, గురి మార్చకుండా ఇంకో ఐదు కొట్టండి. రెండు మధ్య బిందువుల దూరాన్ని పదితో భాగిస్తే ఒక క్లిక్కు విలువ వస్తుంది. పిస్టల్ పెట్టె మూత లోపల రాసి అంటించుకోండి. ఇంకొకటి: పాతబడిన స్క్రూలో కొంత వదులు ఉంటుంది. పైకి తిప్పినా కిందికి తిప్పినా చివరి రెండు మూడు క్లిక్కులు ఎప్పుడూ ఒకే దిక్కులో ముగించాలి. లేకపోతే ఆ రోజు కుదిరిన సైట్ మర్నాటికి కుదరదు. వెనక సైట్ రేకును వేలితో మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి. కదులుతోందంటే స్ప్రింగో బిగింపు స్క్రూనో వదులైందన్నమాట, క్లిక్కులు లెక్కపెట్టి లాభం లేదు.

సైట్ తిప్పే వీలులేని పిస్టళ్ళూ రివాల్వర్లూ ఉన్నాయి. లైసెన్సు మీద ఇంట్లో ఉంచుకునే పాయింట్ 32 రకాలు చాలావరకు అవే. వాటిలో దెబ్బ కింద పడితే ముందు సైట్ ఎత్తు తగ్గించడమే దారి. ఎంత తగ్గించాలో లెక్క సులువు: దెబ్బ ఎంత కింద పడుతోందో దాన్ని సైట్ రేడియస్‌తో హెచ్చవేసి, టార్గెట్ దూరంతో భాగించాలి. అన్నీ మిల్లీమీటర్లలోనే. 15 మీటర్లలో 60 మి.మీ. కింద పడుతూ, సైట్ రేడియస్ 150 మి.మీ. ఉంటే 0.6 మి.మీ. అరగదియ్యాలి. ముందు సగం మాత్రమే తీయించి, మళ్ళీ కాల్చి చూసి, మిగతాది తరువాత తీయించాలి. ఆకురాయికి పోయిన లోహం తిరిగి రాదు. అది కూడా లైసెన్సు ఉన్న ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవారు) చేతనే. ఆయుధాల మరమ్మతుకు 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. వీధి చివరి లేత్ షాపు దీనికి పనికిరాదు.

అరగదియ్యడానికి ముందు తూటా మార్చి చూడాలి. ఇక్కడ చాలామంది ఊహకు ఎదురు జరుగుతుంది. వేగం ఎక్కువున్న తేలిక తూటా పైన పడాలి కదా అనుకుంటారు. దగ్గరి దూరాల్లో అది కింద పడుతుంది. పేలగానే పిస్టల్ మూతి పైకి లేవడం మొదలవుతుంది. నెమ్మదిగా పోయే బరువు తూటా గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, మూతి మరికాస్త లేచాక బయటికొస్తుంది. అందుకే పైన పడుతుంది. తేలిక తూటా ఆ లేపు పూర్తికాకముందే వెళ్ళిపోతుంది. సైట్‌కు ఆకురాయి తగలకుండా, బరువు తూటాతోనే దారికొచ్చిన రివాల్వర్లు ఉంటాయి.

ఎయిర్ పిస్టల్‌లో ఈ లేపు నామమాత్రం. అక్కడ చూడాల్సింది గాలి. పెల్లెట్ వేగం సెకనుకు 150 మీటర్లయితే, 10 మీటర్లు పోయేలోపు భూమ్యాకర్షణ దాన్ని సుమారు 22 మి.మీ. కిందికి లాగుతుంది. వేగం 140కి తగ్గితే 25, 120కి పడిపోతే 34 మి.మీ. గాలి నిరోధాన్ని కూడా లెక్కేస్తే అంకెలు కొంచెం పెరుగుతాయి, తేడాలు మాత్రం ఇంచుమించు ఇవే. అంటే సెకనుకు 10 మీటర్ల వేగం పోయినా దెబ్బ దిగేది 3 మి.మీ., అరగీత కూడా కాదు. 30 మీటర్లు పోతే ఒకటిన్నర గీత. మూడు గీతలు కింద పడుతుంటే “సీల్ పోయింది, కొత్తది కొనండి” అనేవారికి ఈ అంకెలు చూపించండి. అంత తేడా గాలి వల్లే రావాలంటే పిస్టల్ చప్పుడే మారిపోవాలి, పెల్లెట్ కార్డును గుండ్రంగా కోయకుండా చింపాలి. చెవికే తెలిసిపోతుంది.

చిన్న తేడాలు గాలి వల్ల వచ్చేది నిజమే. పిస్టల్‌కు గాలి అందించే సిలిండర్‌ను మామూలుగా 200 బార్ (పీడనం కొలత) దాకా నింపుతారు. లోపలి రెగ్యులేటర్ ప్రతి దెబ్బకూ ఒకే పీడనం అందిస్తుంది. సిలిండర్‌లో పీడనం తయారీదారు చెప్పిన కనిష్ఠ అంకె కంటే దిగితే రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, అక్కడి నుంచి ప్రతి పెల్లెట్టూ ముందుదాని కంటే కాస్త కింద పడుతుంది. ఇరవై, ముప్పై దెబ్బల తరువాతే గుంపు జారడం మొదలైతే ముందు గేజి చూడండి. గొట్టం వెనక పెల్లెట్ పెట్టే చోట (బ్రీచ్) ఉండే రబ్బరు సీల్ అరిగితే గాలి అక్కడి నుంచి కారుతుంది. పరీక్షకు టిష్యూ కాగితం చాలు. సన్నటి పేలికను మూసిన బ్రీచ్ మీద వేలాడేలా పెట్టి, మూతి టార్గెట్ వైపే ఉంచి కాల్చండి. పేలిక ఎగిరిందంటే సీల్ మార్చాలి. చిన్న రబ్బరు రింగు, పిస్టల్ ధరలో లెక్కకు రాదు. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉన్నచోట పది దెబ్బల వేగం రాసుకుంటే అనుమానమే ఉండదు. ఒకటి రెండు మీటర్ల హెచ్చుతగ్గులు మామూలే. సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ కూడా అప్పుడే చూసుకోండి. గడువు దాటినదాన్ని నింపడం దెబ్బ కింద పడటం కంటే పెద్ద ప్రమాదం.

పిస్టల్‌ను పూర్తిగా పక్కన పెట్టాలంటే ఒక పరీక్ష ఉంది. ఇసుక సంచి మీద మణికట్టు ఆనించి (గొట్టం కాదు, గొట్టం ఆనిస్తే దెబ్బ చోటు మారుతుంది) పది కొట్టాలి. తరువాత అదే పిస్టల్‌తో, అదే గురి చోటుతో అనుభవమున్న ఇంకొకరు పది కొట్టాలి. ఇద్దరివీ ఒకేచోట కింద పడితే సైట్. వాళ్ళది మధ్యలో, మీది కింద పడితే ఇక పిస్టల్ మాట ఎత్తకూడదు.

అప్పుడు మిగిలేది కన్ను, మణికట్టు, వేలు. వీటిలో కన్నుదే పెద్ద వాటా అని మా అభిప్రాయం. ముందు సైట్ పై అంచు కత్తిలా స్పష్టంగా, నాచ్ పై అంచుతో సమంగా, అటూ ఇటూ వెలుతురు సమానంగా కనపడాలి. టార్గెట్ మసగ్గా ఉండాలి, ఉండనివ్వాలి. ట్రిగ్గర్ విడిచే క్షణంలో పిల్లల చూపు పదిలో పడుతుందా లేదా అని టార్గెట్ మీదికి దూకుతుంది. చూపు దూకగానే ముందు సైట్ నాచ్‌లో కాస్త దిగుతుంది, కంటికి అది తెలియదు కూడా. పైన చెప్పిన పావు మిల్లీమీటరు ఇక్కడే పోతుంది. దీన్ని పట్టుకోవడానికి కార్డును తిరగేసి ఖాళీ తెల్లవైపు పెట్టండి. గురికి గుర్తేమీ లేకుండా, సైట్లను మాత్రమే చూస్తూ పది కొట్టించండి. తెల్లకార్డు మీద గుంపు నిలువు సాగుడు తగ్గిందంటే రోగం చూపుదే. నలభై దాటినవారికి ముందు సైటే మసకబారుతుంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కంటికీ ముందు సైట్‌కూ మధ్య దూరం కొలిచి తీసుకెళ్ళి, ఆ దూరానికి అద్దం రాయించుకోవాలి. చదువుకునే అద్దాలు దీనికి పనికిరావు.

రెండోది, ఎక్కువసేపు పట్టుకోవడం. చెయ్యి కుదురుకున్నాక ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో దెబ్బ పోవాలి. పది దాటితే భుజం దిగుతుంది, అలసిన కన్ను పాత బొమ్మనే చూస్తూ అంతా బాగానే ఉందంటుంది. పిస్టల్ దించేసి మళ్ళీ ఎత్తడం ఓటమి కాదని కోచ్‌లు గట్టిగా చెప్పాలి. 60 దెబ్బలకు 75 నిమిషాలున్నాయి, తొందరేమీ లేదు.

పాతాళానికి పోయే ఆ రెండు దెబ్బలు వేలివీ మణికట్టువీ. కుడిచేతి వాటం వారికి కిందా ఎడమకూ, గడియారంలో ఏడు దగ్గర పడితే ట్రిగ్గర్‌ను లాగే బదులు మొత్తం చేతిని పిండుతున్నారని అర్థం. సరిగ్గా ఆరు దగ్గర పడితే మణికట్టు ముందుకు వంగుతోంది. ఎడమచేతి వారికి కుడి ఎడమలు తిరగబడతాయి. రేంజి గోడల మీద అతికించే గడియారం చార్టులు ఒంటిచేత్తో కాల్చేవారి కోసం తయారైనవి. రెండు చేతులతో పట్టుకునేవారు దాన్ని వేదంలా చదివి లేని రోగాలు తెచ్చుకుంటున్నారు. సైట్ కుదరని పిస్టల్‌తో ఆ చార్టు చూడటం అంతకంటే వృథా.

వేలి సంగతి డ్రై ఫైరింగ్‌లో, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనలో దొరుకుతుంది. పిస్టల్ ఖాళీ అని ఇద్దరు చూసి నిర్ధారించుకోవాలి, మూతి రేంజి వైపే ఉండాలి. గురి పెట్టి ట్రిగ్గర్ విడిచే క్షణంలో ముందు సైట్ మునిగిందా, చూస్తూనే ఉండాలి. పాయింట్ 22లో డ్రై ఫైరింగ్ సదుపాయం లేని పిస్టల్‌ను ఉత్తగా కాల్చకూడదు, పిన్ను వెళ్ళి ఛాంబర్ అంచుకు కొట్టి సొట్ట పెడుతుంది. డమ్మీ తూటా వాడాలి. పేలుడుకు ముందే ఉలిక్కిపడేవారికి కోచే మ్యాగజీన్ నింపి, మధ్యలో ఒకటి రెండు డమ్మీలు కలపాలి. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు లేకుండానే మూతి కిందికి కొడితే, ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

వేలి తప్పులాగే కనపడే ఒక అమరిక తప్పు కూడా ఉంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు ఉండాలని నియమం. తూనికలో పాసైన ట్రిగ్గర్ కూడా, విడిచాక వెనక్కి ఎక్కువ దూరం పోయేలా ఉంటే వేలు ఒక్కసారిగా వెళ్ళి గుద్దుకుంటుంది, మూతి దిగుతుంది. ట్రిగ్గర్ స్టాప్ స్క్రూను, విడిచిన వెంటనే వేలు ఆగేలా, అయితే విడవడానికి అడ్డుపడకుండా సర్దాలి. గ్రిప్ కోణం కూడా అంతే. కళ్ళు మూసి చెయ్యెత్తి, తెరిచి చూసినప్పుడు ముందు సైట్ ప్రతిసారీ నాచ్ కింద ఉంటే, షూటర్ ప్రతి దెబ్బకూ మణికట్టును బలవంతంగా ఎత్తుకుంటున్నాడన్నమాట. నలభయ్యో దెబ్బకు ఆ మణికట్టు ఒప్పుకోదు. కోణం మార్చే స్క్రూ ఉన్న గ్రిప్ అయితే కొద్దికొద్దిగా మార్చండి. లేకుంటే చెక్క పుట్టీతో అరచేతి కింది భాగం నింపుకోవచ్చు.

ఇంట్లో హాలు గోడకు కార్డు కట్టి సాధన చేసే పిల్లలు ఎక్కువయ్యారు కనుక ఒక మాట: 10 మీటర్ల పోటీలో టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇంట్లో అడుగు కిందికి కడితే చెయ్యి ఆ ఎత్తుకే అలవాటు పడి, రేంజిలో అక్కడే ఆగాలని చూస్తుంది.

రేంజిలు నడిపేవారికి మా విజ్ఞప్తి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక క్రోనోగ్రాఫ్, ఒక ట్రిగ్గర్ తూనిక, రెండు ఇసుక సంచులు అందరికీ అందుబాటులో ఉంచండి. క్లబ్ పిస్టల్ ప్రతిదానికీ ఒక నోటు పుస్తకం కట్టి, ఏ గురి పద్ధతికి సైట్ అమర్చారో, చివరగా ఎన్ని క్లిక్కులు ఎటు తిప్పారో రాయించండి. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి. మీ క్రీడా పేజీలో వారానికొకసారి టార్గెట్ బొమ్మ ఒకటి వేసి, గుంపు ఎక్కడ పడితే ఏం చూడాలో నాలుగు వాక్యాలు రాయించగలిగితే జిల్లాల్లో కోచ్ లేకుండా నేర్చుకుంటున్న పిల్లలకు ఎంతో మేలు.

పోటీ రోజున కూడా కొత్త రేంజిలో వెలుతురు తేడా వల్ల దెబ్బలు ఒక గీత దిగవచ్చు. మ్యాచ్‌కు ముందు సన్నాహానికీ సైటింగ్‌కూ (లెక్కలోకి రాని పరీక్ష దెబ్బలకూ) 15 నిమిషాలు ఇస్తారు. మొదటి దెబ్బ కింద పడగానే స్క్రూ మీద చెయ్యి వెయ్యకుండా ఐదు కొట్టి, గుంపు మధ్య బిందువు చూసి, పెట్టె మూతలో రాసుకున్న క్లిక్కు విలువతో ఒకేసారి సరిచేసి, ఇంకో ఐదుతో రూఢి చేసుకోమని పిల్లలకు చెప్పండి.

భవదీయులు,
పిస్టల్ షూటింగ్ శిక్షకులు, హైదరాబాద్